మీరు లోకలే కదా

ఆ రోజు నేను చెప్పిన మాటలో అబద్ధం లేదు. అయినా అంతకంటే పెద్ద అబద్ధం నా జీవితంలో ఇంకొకటి చెప్పినట్టు గుర్తు లేదు.

పటేల్‌గూడలో మా ఎదురింటి అతను, నేనూ ఒకే ఫ్యాక్టరీలో పనిచేస్తాం. అతను మెషీన్ షాపులో, నేను స్టోర్స్‌లో. నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఇద్దరికీ ఒక్కొక్క ఆడపిల్ల. పిల్లలిద్దరూ ఇంటర్ కలిసి చదివారు, నీట్ పరీక్ష కలిసి రాశారు. వాళ్ళ అమ్మాయికి ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు దొరికేంత ర్యాంకు వచ్చింది. మా అమ్మాయికి రాలేదు.

ర్యాంకు తెలిసిన పూట అతను కలాకండ్ డబ్బాతో మొదట మా ఇంటికే వచ్చాడు. "ముందుగాల నీ నోరు తీపి చెయ్యాలె అన్నా. నీ బిడ్డ పక్కన కూసోబట్టే నా బిడ్డకు చదువొచ్చింది" అన్నాడు. ముక్క నోట్లో పెట్టుకున్నాను. అతను గడప దాటగానే పెరట్లోకి వెళ్ళి ఉమ్మేశాను.

అతను మర్యాదకు అన్న ఆ మాటే నాకు పట్టుకుంది. నిజమే కదా, మా పిల్ల పక్కన కూర్చోబట్టే కదా! కోచింగ్‌లో చేర్పించింది నేను. మా పిల్ల తెచ్చిన పుస్తకాలనే ఆ పిల్ల సాయంత్రాలు మా ఇంట్లో చాప మీద కూర్చుని చదివేది. మా ఫ్యాను, మా టీ. "ఇది ఎట్ల చేస్తరే?" అని మా పిల్లను అడిగి అడిగి నేర్చుకుంది. చెప్పిన పిల్ల వెనక్కి పోయింది, విన్న పిల్ల ముందుకు పోయింది. ఎదురింటి ముందు చుట్టాల బండి ఆగితే చాలు, నేను కిటికీ కర్టెన్ లాగేసేవాణ్ణి. వాళ్ళింట్లో ఎవరైనా నవ్వితే మమ్మల్ని చూసే నవ్వారేమో అనిపించేది.

ఇంకో పాత మంట కూడా ఉంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో 'లోకల్' అన్న మాటకు చాలా బరువుంది. ఎవరి తాతల పొలాలు షెడ్ల కింద పోయాయో వాళ్ళు లోకల్. పనిలోకి ముందు తీసుకునేదీ లోకల్‌నే, గేటు దగ్గర గొడవైతే సెక్యూరిటీ వాడు తగ్గేదీ లోకల్‌కే. అతను లోకల్. నేను కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఎన్నేళ్ళున్నా బయటివాణ్ణే. క్యాంటీన్ లైన్లో నా ముందుకొచ్చి, "మేం లోకల్ అన్నా, మాకు లైన్ ఏంది?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. కడుపులో మాత్రం ఆ మాట పేరుకుంటూ వచ్చింది.

అడ్మిషన్ దరఖాస్తుకు మరుసటి సాయంత్రంతో గడువు ముగుస్తుందనగా తండ్రీకూతుళ్ళు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. నేను స్టోర్స్‌లో కంప్యూటర్ మీద పనిచేస్తాను కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. తెలుసు కూడా. మా అమ్మాయి కోసం ఆ నిబంధనలన్నీ ముందే చదివి పెట్టుకున్నాను.

"పెద్దనాన్నా, తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్ లేదు. ఆ బడి మూతబడ్డది కదా. అది లేకున్నా నడుస్తదా?" అని ఆ పిల్ల అడిగింది.

"ఎహె, పొద్దటి నుంచి ఇదే పరేషాన్ దీనికి" అన్నాడు తండ్రి. "తహసీల్దార్ ఆఫీసుల రాయించిన నివాసం కాయితం ఉన్నది. తాతల కాలం నుంచి ఈడనే ఉన్నం. మనం లోకల్ గాకపోతే ఇంకెవరు లోకల్? నువ్వే చెప్పన్నా దీనికి."

అడ్మిషన్లలో లోకల్ అంటే వేరు. తాతల పొలం ఎక్కడుందని అక్కడ ఎవరూ అడగరు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా పిల్ల ఎక్కడ చదివిందో బడుల కాగితాలతో చూపించాలి. ఒక్క ఏడాది తెగినా లోకల్ కింద లెక్కలోకి రాకపోవచ్చు. అప్పుడు ఆ ర్యాంకుకు ఇక్కడ సీటు అనుమానమే. ఇదంతా నాకు స్పష్టంగా తెలుసు.

"మీ నాయన చెప్పింది నిజమే బిడ్డా. మీరు లోకలే కదా" అన్నాను.

ఆ పిల్ల ముఖంలో బరువు దిగింది. "పెద్దనాన్న చెప్పిండు, ఇగ చాలు" అని తండ్రితో అంటూ వెళ్ళిపోయింది.

నాకు సంతోషమేమీ కలగలేదు. ఎవరో నా పగ తీర్చినట్టు, అందులో నా చెయ్యి లేనట్టు ఉంది. అన్నం దగ్గర మా అమ్మాయి అడిగింది: "నాన్నా, దాని తొమ్మిదో తరగతి కాయితం సంగతి ఏమన్నవ్?"

"వాళ్ళు చూసుకుంటరులే."

కంచంలోకి చూస్తూ అన్నం కలిపింది. "దానికి సీటొస్తే నాకు ఏడుపొస్తది నాన్నా" అంది. "రాకపోతే ఇంకా ఎక్కువొస్తది."

నాకు మొదటి సగమే ఉంది. రెండో సగం లేదు. ఆ పూట ఇంకేమీ తినలేకపోయాను.

తెల్లారగానే ఎదురింటికి వెళ్ళాను. అతను వాకిట్లో బండి తుడుస్తున్నాడు, పిల్ల గడపలో కూర్చుని ఉంది. నిలబడే చెప్పేశాను: ఆ కాగితం తప్పకుండా కావాలి, లేకపోతే లోకల్ కింద తీసుకోరు.

"ఇప్పుడు తెలిసిందా అన్నా?"

"నిన్ననే తెలుసు."

"మరి గట్లెట్ల చెప్పినవ్?"

"కుళ్ళుకున్న తమ్మీ. నీ బిడ్డకొచ్చి నా బిడ్డకు రాలేదని."

చేతిలోని గుడ్డ కింద పడేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. పిల్ల లేచి లోపలికి వెళ్ళిపోయింది. అతను బండి వీధి వైపు తిప్పి, "ఎక్కు. తిట్లు దారిల తిడత" అన్నాడు.

అన్నట్టే తిట్టాడు. సంగారెడ్డి అవతల కొండాపూర్ వెళ్ళేదాకా ఆపలేదు. మూతబడిన బడిలో హెడ్‌మాస్టర్‌గా చేసిన సారు ఇప్పుడు అక్కడ పత్తి చేను చూసుకుంటున్నాడు. చేను గట్టు మీదే దొరికాడు. బడి రికార్డులు మండల విద్యాశాఖ ఆఫీసులో అప్పగించానని చెప్పాడు. పిల్ల ఎవరో గుర్తుకొచ్చి పెద్దగా నవ్వాడు.

"నా లెక్కల క్లాసుల కండ్లు తెరిచి నిద్రపోయేది. అది డాక్టరైతదా?"

"మీ క్లాసుల నిద్ర సరిపోయింది సారూ, అందుకే తర్వాత మేలుకొని చదివింది" అన్నాడు తండ్రి. పొద్దటి నుంచి అతను నవ్వింది అప్పుడే. నా వైపు చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

సారు కాళ్ళు కడుక్కొని మాతో బయలుదేరాడు. ముగ్గురం ఒకే బండి మీద ఆఫీసుకు వెళ్ళాం. సంతకం పెట్టాల్సిన అధికారి ఏదో తనిఖీకి పోయారన్నారు. సారూ అతనూ బెంచీ మీద కూర్చున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, కూర్చోబుద్ధి కాలేదు. మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చారు, సారు సాక్ష్యం చెప్పాడు, కాగితం మీద ముద్ర పడింది. మేం ఫోన్ చేసి రమ్మంటే, సంగారెడ్డిలో ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఇద్దరు పిల్లలూ ఎదురుచూస్తున్నారు. మా అమ్మాయి కుర్చీ వదలకుండా కూర్చుని, మిగతా కాగితాలన్నీ అప్పటికే ఎక్కించి పెట్టింది. గడువుకు కొంచెం ముందు దరఖాస్తు పూర్తయింది.

"థాంక్స్ అంకుల్" అంది ఎదురింటి పిల్ల.

పుట్టినప్పటి నుంచి నన్ను పెద్దనాన్నా అని పిలిచిన పిల్ల. ఆ పూట నుంచి అంకుల్‌నయ్యాను.

ఆమెకు సీటొచ్చింది. కలాకండ్ డబ్బా ఈసారి నేను తీసుకెళ్ళాను. అతను ఒక ముక్క తీసుకున్నాడు, తిన్నాడు, మంచినీళ్ళు ఇచ్చి పంపాడు. క్యాంటీన్ లైన్లో ఇప్పుడు నా వెనకే నిలబడతాడు. మా అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. ఎదురింటి డాబా మీద తెల్లకోటు ఆరేసి కనిపిస్తే నాకు ఇప్పటికీ కాస్త మండుతుంది. లేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఫలితాలు వచ్చే రోజుల్లో మా అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. కాలనీ వాళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళు పిల్లల కాగితాలతో వస్తారు. ఎవరైనా "మేం లోకలే సార్" అంటే, "అది గేటు కాడి లోకల్. పాప తొమ్మిది ఏ బడిల చదివిందో చెప్పు, పది ఏ బడిల చదివిందో చెప్పు" అని మొదటి నుంచి అడుగుతాను. ఏదైనా తక్కువైతే ఆ బడి దాకా వాళ్ళతో వెళ్తాను.

మొన్న రామచంద్రాపురం నుంచి ఒక తండ్రి వచ్చాడు. ఎవరు పంపారని అడిగితే వేలితో ఎదురిల్లు చూపించాడు.

"ఆ డాక్టర్ చదివే బిడ్డ సార్. అంకుల్ దగ్గరికి పోండి, అన్నీ అడుగుతడు అన్నది."

కుర్చీ అతని వైపు జరిపి, కాగితాలు ఇమ్మని చెయ్యి చాపాను.