మట్టి రేసు బండికి వెల కట్టిన ఆదివారం

మొన్న మా అమ్మాయి తన పాత స్కూటర్ అమ్మేద్దామనుకుని ఫోనులో ఏదో నొక్కింది. గంట తిరగకుండా ఒకాయన వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి ఎనిమిదో తొమ్మిదో ఫొటోలు తీశాడు. ధర ఆయన చెప్పలేదు, ఆయన చేతిలోని ఫోనే చెప్పింది. ఇంజన్ స్టార్ట్ చేసి చూడలేదు. టీ పెడతానంటే కూడా టైము లేదమ్మా అని వెళ్లిపోయాడు. తప్పు పట్టడానికేమీ లేదు, ధర న్యాయంగానే వచ్చింది. కానీ బండి వెళ్లిపోయాక ఖాళీ గేటు ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఒక బండికి వెల కట్టడానికి మా షెడ్డు ముందు ఒక ఆదివారం పొద్దంతా ఊరు ఊరంతా నిలబడిన రోజు గుర్తుకు వచ్చింది.

మా తరం వాళ్లకు వివరించనక్కర్లేదు. అప్పట్లో పాత బండి కొనడమంటే పిల్లకు సంబంధం చూసినంత పని. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాలి, లేదా బండినే ఆయన దగ్గరికి తేవాలి, ఆయన ఊ అంటేనే జేబులోంచి చెయ్యి బయటికి వచ్చేది. ఇబ్రహీంపట్నంలో అట్లా ఊ అనే మనిషి మా ఆయన. బస్టాండు దాటాక సాగర్ రోడ్డు పక్కన మాకొక రేకుల షెడ్డు ఉండేది, దాని వెనక గదుల్లోనే మా కాపురం. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు బండి కొన్నా అమ్మినా ముందు మా షెడ్డు ముందు ఆగేది. ఆయన చెప్పిన ధర మీద వందో రెండు వందలో బేరం జరిగేదేమో గానీ, మంచిది కాదన్న బండిని మాత్రం ఎవరూ ముట్టేవారు కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇన్నేళ్లూ ఎక్కడా చెప్పుకోనిది. ఆయన షెడ్డు పెట్టకముందు తొమ్మిదేళ్లు ఒక కంకర మిషన్ దగ్గర డీజిల్ జనరేటర్లు చూసేవాడు. ఆ మోత ఆయన చెవుల్ని మెల్లమెల్లగా తినేసింది. పెద్ద చప్పుళ్లు వినిపించేవి, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే అర్థమయ్యేది. సన్నని చప్పుళ్లే పోయాయి. వెనక నుంచి అన్నానికి పిలిస్తే తిరిగి చూడకపోవడం మొదలైనప్పుడు కోపమనుకున్నాను. ప్రెషర్ కుక్కర్ విజిల్ ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే తెల్లమొహం వేసినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆయన ఒప్పుకోలేదు, నేను అడగలేదు. ఇంజన్ చెవితో వినడం ఆయన విద్య. ఆ విద్యే మా అన్నం.

నా చెవులు మాత్రం మంచివి. మంచాల అనే ఊరి దగ్గర మా పుట్టింటి బావి మీద ఆయిల్ ఇంజన్ ఉండేది. పైపులో నీళ్లు అందుతున్నాయో, ఇంజన్ ఉత్తగా తిరుగుతున్నదో ఇంట్లో రొట్టెలు చేస్తూనే చెప్పేదాన్ని. మా నాన్న ఆ మాట నమ్మి బావి దాకా పరుగెత్తేవాడు. అందుకని బియ్యం ఏరే నెపంతో చేట పట్టుకుని షెడ్డులో ఒక మూల స్టూలు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. ఆయన స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు పెట్టుకుని వినేవాడు. విన్నాక ఒకసారి నా వైపు చూసేవాడు. నా వేళ్లు బియ్యంలో ఆడుతుంటే అంతా బాగున్నట్టు, ఆగిపోతే మళ్లీ వంగేవాడు. ఈ ఏర్పాటు గురించి మేమిద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. రెండేళ్లు అట్లా నడిచింది.

అవి భూములకు రెక్కలొచ్చిన రోజులు. ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాట పుట్టగానే జొన్నచేల నిండా రంగురంగుల జెండాలు, సున్నం పూసిన రాళ్లు మొలిచాయి. ఆదివారాలు పట్నం నుంచి బస్సుల్లో జనాన్ని తెచ్చి, భోజనాలు పెట్టి, ప్లాట్లు చూపించేవారు. మా ఆడబిడ్డ వాళ్లు కూడా మంచాల రోడ్డు మీది మూడెకరాలు అమ్మారు. ఆమె పెద్ద కొడుక్కి, మా మేనల్లుడికి, అప్పటికి ఇరవై నాలుగేళ్లు, బండి అంటే ప్రాణం. సరిగ్గా ఆ వేళకే ఒక వెంచర్ వాళ్లు జనాన్ని రప్పించడానికి తమ స్థలంలో మట్టి దిబ్బలు పోయించి బైకు రేసు పెడుతున్నామని కరపత్రాలు పంచారు. అంతే, మా అల్లుడికి తిండి లేదు, నిద్ర లేదు. ఎక్కడెక్కడో వెతికి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఒక పెద్దాయన ఇంట్లో రేసు బండి ఉందని పట్టుకున్నాడు.

మా ఆడబిడ్డ ముందురోజే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఆడు నా మాట ఇంటలేడు. అన్న మంచిగున్నదంటేనే పైసలిస్త, లేకుంటే లేదు. అన్న మాట మీదనే పెట్టిన," అంది. ఆమెకు బండి ధర మీద దిగులు లేదు, కొడుకు ఆ దిబ్బల మీదుగా గాల్లోకి ఎగురుతాడనే దిగులు.

ఆదివారం పొద్దున ట్రాలీలో ఆ బండి దిగింది. అట్లాంటి బండిని నేను అంతకుముందు చూడలేదు. లైట్లు లేవు, నంబరు ప్లేటు లేదు. ఎర్రటి ట్యాంకు, చక్రాలకు మేకపిల్ల గిట్టల్లాంటి ఎత్తు ఎత్తు బొడిపెలు, పొగగొట్టం సీటు పక్క నుంచి పైకి లేచి ఉంది. చెకోస్లొవేకియా దేశంలో తయారైనదట. పెద్దాయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు దగ్గర పందేల్లో బండి నడిపారట. ఇల్లు అమ్మి అపార్టుమెంటులోకి మారుతున్నారు, నాలుగో అంతస్తుకు బండిని ఎక్కించలేరు, అదీ ఆయన అవసరం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి పక్కనే నిలబడి, ట్యాంకు మీద పడిన దుమ్మును మాటిమాటికి అరచేత్తో తుడుస్తున్నారు.

మా ఆయన రెండు గంటలు చూశాడు. ఇంజన్ మీది నంబరు, చాసిస్ మీది నంబరు రెండూ కంపెనీలో కొట్టినవేనా అని దీపం పెట్టి చూశాడు. హ్యాండిల్ కింద అతుకుల దగ్గర గుడ్డతో గ్రీజు తుడిచి, పగుళ్లు ఉన్నాయేమోనని గోటితో గీరాడు. చక్రాలు తిప్పి, స్పోకులు ఒక్కొక్కటే మీటాడు. కిక్కును చేత్తోనే మెల్లగా నొక్కి లోపల పట్టు ఎంత ఉందో చూశాడు. రంగు కూడా మొదటిదే, ఎక్కడా మళ్లీ పూయలేదు. ఆయన మొహం వెలిగిపోతోంది. చుట్టూ ముప్పై నలభై మంది, మా అల్లుడి దోస్తులు, పక్క దుకాణాల వాళ్లు, చివరికి ఆ వెంచర్ మేనేజరు కూడా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆ గుంపులో నా స్టూలు ఎక్కడో గోడకు పోయింది. నాకు ఆయన కనబడడం లేదు. ఆయనకు నా చేట కనబడే దారే లేదు.

బండి స్టార్ట్ చేశారు. ఒక్క కిక్కుకే అందుకుంది. నీలం పొగ, పెట్రోల్లో కలిపిన ఆముదం కాలిన వాసన, రేకులు అదిరిపోయే మోత. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి విని, లేచి నిలబడి, నా కోసం చూశాడో లేదో నాకు తెలియదు, గట్టిగా అన్నాడు. "బండి పక్కా ఉన్నది. రేసుకు పోతది."

మా అల్లుడు ఎగిరి గంతేశాడు. మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. నాలుగైదు నిమిషాలై వేడెక్కిందేమో, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఆ మోత అడుగున ఒక సన్నని గలగల నాకు వినిపించింది. ఇత్తడి చెంబులో చిన్న రాళ్లు వేసి కదిపినట్టు. నా వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి. చూసేవాళ్లు లేరు.

అప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ తెలుస్తుంది. నోరు తెరిస్తే అందరి ముందు ఆయన మాట పోతుంది, మాటతో పాటు షెడ్డు పోతుంది. తెరవకపోతే ఆ పిల్లవాడు దిబ్బ మీదుగా ఎగిరిన క్షణంలో లోపల ఏదైనా పట్టేస్తే, వెనక చక్రం బిగుసుకుంటే, మా ఆడబిడ్డ మొహం నేనెట్లా చూడాలి? చేట కింద పెట్టి జనాన్ని తోసుకుంటూ వెళ్లాను.

"జర బండి ఆపుండ్రి. లోపల ఏదో గలగలమంటున్నది."

కొందరు నవ్వారు. మా అల్లుడికి మండిపోయింది. "నీకేం ఎరుక అత్తా, మామ చెప్పిండు గద!" అన్నాడు. మేనేజరు ఆడవాళ్లకు ఈ సంగతులెందుకన్నట్టు మొహం పెట్టాడు. ఇంజన్ ఆగింది. ఆయన నా వైపు చూశాడు. కోపమో, అవమానమో, ఇన్నాళ్లు దాచుకున్నది బయటపడిందన్న నీరసమో, ఆ చూపును ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అంతుపట్టదు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. తర్వాత చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు.

"ఆమెకు ఇనబడ్డదంటే ఉన్నట్టే. నాకు రెండేండ్ల సంది సరిగ ఇనబడ్తలేదు. బండి ఇప్పుదాం."

ఆ మాట అంత మంది ముందు, అంత మామూలుగా అన్నాడు. నేను పక్కనే ఉన్న టైరు మీద కూర్చున్నాను.

పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఎవరినీ ఆ ఇంజన్ ముట్టనివ్వలేదట. అయినా సరేనన్నారు. మధ్యాహ్నం దాకా విప్పారు. పిస్టన్ కింది రాడ్డు తిరిగే చోట బేరింగ్ తుప్పు తిని గుంటలు పడింది, దాన్ని పట్టి ఉంచే రింగు ఒక పక్క పగిలింది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టి పెద్దాయనకు చూపించాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇంజన్ బిగుసుకుపోకుండా రోజూ స్టార్ట్ చేసేవాణ్ణండి. రెండు నిమిషాలకే ఆపేసేవాణ్ణి. వేడెక్కనిస్తేనే కదండీ తెలిసేది," అన్నారు. ఆయన మోసం చేయలేదని అందరికీ తెలిసిపోయింది.

మా ఆయన అప్పుడు అసలు వెల కట్టాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "చూసుకొని మురుస్తనంటే దీనికి మస్తు ధర ఉన్నది, గింత అసలు బండి మల్ల దొరకది. దుంకిస్తనంటే మాత్రం ఉత్తగిచ్చినా తీసుకోకు," అన్నాడు. ఆ బేరింగ్ ఈ దేశంలో దొరకదు, లేత్ మీద చేయించినదాన్ని నమ్మి పిల్లవాణ్ణి గాల్లోకి పంపనన్నాడు. మా అల్లుడు విసురుగా వెళ్లిపోయాడు, నెల రోజులు మా గడప తొక్కలేదు. రేసులో ఎవరిదో బండి అడుక్కుని నడిపి, చివరి నుంచి రెండోవాడిగా వచ్చి, ఒళ్లంతా మట్టితో ఇంటికి వెళ్లాడట. ఆ మట్టి కడుగుతూ మా ఆడబిడ్డ నన్ను తలచుకుని ఏడ్చిందట, తర్వాత తనే చెప్పింది. రేసు బండిని పట్నంలో పాత బండ్లు సేకరించే ఒకాయన, బేరింగ్ సంగతి తెలిసే, మంచి ధర పెట్టి కొనుక్కున్నాడు.

మాకు మాత్రం గిరాకీ తగ్గింది. చెవిటి మెకానిక్ అన్న పేరు కొన్నాళ్లు తిరిగింది. ఆయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కంచం వైపే చూస్తూ అడిగాడు. "గా సప్పుడు ఎట్లుండె?"

చెప్పాను. ఇత్తడి చెంబు, చిన్న రాళ్లు, యాక్సిలరేటర్ వదిలినప్పుడే రావడం, అన్నీ. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు, గుర్తుపట్టినట్టు తల ఊపాడు. తర్వాత నెలల్లో జనం మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఈసారి బండి దించుతూనే, "అక్కను పిలువుండ్రి," అనేవారు. నాకు చేట అవసరం పోయింది. గుంపు ముందే నిలబడి, విన్నది విన్నట్టు ఆయనకు పైకే చెప్పేదాన్ని. ఇంజన్ల దగ్గరే ఆగలేదు. కొత్త మిక్సీ ఎట్లా మోగుతోంది, మనవరాలు ఏ గొంతుతో నవ్వుతోంది, రేకుల మీద వాన ముసురా, జల్లా అని అడిగేవాడు. చప్పుళ్లకు మాటలు వెతకడమే మా ఇద్దరి ముచ్చటైపోయింది.

ఆయన పోయి ఆరేళ్లయింది. రోడ్డు వెడల్పులో షెడ్డు పోయింది, అక్కడిప్పుడు ఒక బేకరీ ఉంది. రేసు జరిగిన వెంచర్‌లో వరసగా ఇళ్లు లేచాయి, మట్టి దిబ్బలు ఏ వీధిలో ఉండేవో నేనే చెప్పలేను. ఆ వీధుల్లో బండి లేని గడప లేదు, ఏ గడప ముందూ నలుగురు మనుషులు గుమిగూడడం మాత్రం చూడలేదు. నేను అమ్మాయి దగ్గర మూడో అంతస్తులో ఉంటున్నాను. స్లాబు ఇల్లు, గట్టి అద్దాల కిటికీలు, బయట వాన పడుతున్నా లోపలికి చప్పుడు రాదు. మబ్బు పట్టిన రోజు కిటికీ దాకా వెళ్లి, అద్దం జరిపి, కాసేపు వింటాను. ఎట్లా పడుతోందో చెప్పడానికి అలవాటు కొద్దీ ఒకటి రెండు మాటలు కూర్చుకుని, మళ్లీ అద్దం మూసేసి లోపలికి వస్తాను.