ఎర్ర రంగు కలపని రోజు

"మీ పెద్దబాపు పోయిండు బిడ్డా" అని పోయిన వారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. గుండెపోటు. ముందు రోజు సాయంత్రం నుంచీ ఛాతీలో పట్టేసినట్టుందని అంటూనే ఉన్నాడట. దవాఖానకు పోదామంటే, రేపు చూద్దామన్నాడట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. వాడకట్టులో ఏ కుక్క కక్కుకున్నా "రేపనకు, ఇప్పుడే పో" అని ఇంటివాళ్ల ప్రాణం తోడేసిన మనిషి, తన దాకా వచ్చేసరికి రేపు అన్నాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

పెద్దబాపు మా బాపుకు అన్న. పోచంపల్లిలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. నూలుకు రంగులద్దడం ఆయన పని. ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి రంగు పోయేది కాదు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు ఆ చేతులు చూసి జంకితే, "కడిగినయే, భయపడకు, పప్పు ఎయ్యి" అనేవాడు.

ఆయనకు మోతి అనే కుక్క ఉండేది. వాడకట్టులో రంగులద్దేది ఆయనొక్కడే, ఆయన రంగు కాచే గంగాళం నీళ్లే ఇళ్ల ముందు కాలువల్లో పారేవి కాబట్టి మా వాడకట్టు కుక్కల మూతులూ కాళ్లూ ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రోజు మోతి అదే పనిగా కక్కుకుంది, తర్వాత ఎర్రగా విరేచనం చేసింది. ఆ రోజు గంగాళంలో ఉన్నది ఎరుపే. "రంగునీళ్లు తాగింది, రేపటికి తేటపడ్తది" అన్నాడు పెద్దబాపు. మేం నవ్వుకున్నాం కూడా. తెల్లారేసరికి మోతి తల ఎత్తలేదు. చేతుల మీద వేసుకుని పశువుల దవాఖానకు పరిగెత్తాడు. డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి చూపించింది. చిగుళ్లు రంగు తగలని నూలులా తెల్లగా ఉన్నాయి. "ఇది రంగు గాదు, రక్తం. నిన్ననే తేవాల్సింది" అంది. సూది గుచ్చేలోపే మోతి పోయింది.

పెద్దబాపు అక్కడే నిలబడి, మళ్లీ ఇట్లాంటిది జరిగితే ఎట్లా తెలుసుకోవాలని ఆమెను అడిగాడు. ఆమె చెప్పింది మాకందరికీ కంఠతా వచ్చేదాకా వదల్లేదు. "ఒక్కపారి కక్కి మల్ల ఉషారుగ తిరిగితే, నీళ్లు తాగితే జర చూడొచ్చు. తాగిన నీళ్లు గూడ కక్కుతాంటే ఆగొద్దు. రక్తం పడ్డా, తారు లెక్క నల్లగ పోయినా ఆగొద్దు. చిగుళ్లు తెల్లవడ్డా, లేవకుండ పండుకున్నా, ఇషం గినం తిన్నదని అనుమానమొచ్చినా గంతే. చిన్న కూనైతే అసలే ఆగొద్దు."

ఆ తర్వాత గుంత తవ్వి, రంగునీళ్లు అందులోనే పోసేవాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. రోజూ గంగాళం పొయ్యి మీదికి ఎక్కించగానే వీధిలోకి వచ్చి "ఇయ్యాల నీలం!" "ఇయ్యాల పసుపు!" అని అరిచేవాడు. చీరల బేరానికి వచ్చినవాళ్లు బిత్తరపోయేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. "ఎందుకు పెద్దబాపూ గీ అరుపులు?" అని అడిగాను.

"కడుపుల నొస్తాందని కుక్క చెప్పదు గద బిడ్డా. ఎర్రగ కనవడితే రంగో రక్తమో మీకెట్ల తెల్వాలె?" అన్నాడు.

డిగ్రీలో ఉండగా నేనొక కుక్కపిల్లను తెచ్చుకున్నాను. దాని టీకాలు ఇంకా పూర్తికాలేదు. ఒక పొద్దున పసుపు నురగ కక్కింది. పెట్టిన నీళ్లు కూడా కక్కేసింది. కాసేపటికి వాకిట్లో ఎర్రగా విరేచనం చేసింది. "మల్ల ఆ రంగునీళ్ల గుంతల మూతి వెట్టినట్టుంది" అని గొణుగుతూ అమ్మ చీపురు అందుకుంది. ఊడ్వబోయి ఆగింది.

"ఇయ్యాల నీలమన్నడు గదనే మీ పెద్దబాపు!"

చీపురు అక్కడే పడేసి గోడ మీంచి కేకేసింది. "బావా, జర జల్ది రాండ్రి!"

నీలం చేతులతోనే వచ్చాడు. కూన పెదవి ఎత్తి చూశాడు. నా చున్నీ లాక్కుని దాన్ని చుట్టి, నన్ను కూడా రమ్మని ఆటో ఎక్కాడు. దవాఖాన బస్టాండు అవతలే, కూర్చున్నామో లేదో వచ్చేసింది. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ సూది కదలకుండా ఆ చిన్న కాలు పట్టుకుని నేల మీదే కూర్చున్నాడు. నేను పట్టుకుంటానన్నా వదల్లేదు.

"బతుకుతదా పెద్దబాపూ?" అన్నాను.

"మోతికి గూడ గింత దూరమే ఉండె గద బిడ్డా, గీ దవాఖాన" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే. ఆయన అరుపులకు సిగ్గుపడేదాన్ని, ఆ పొద్దున కూనను ఆలస్యం లేకుండా దవాఖానకు చేర్చింది ఆ అరుపే అన్న మాటైనా అనలేకపోయాను.

కూన చివరికి బతికింది. కానీ పెద్దబాపు అనగానే నాకు గుర్తొచ్చేది ఆ సాయంత్రమే. ఈ పూటకు నిలబడిందనీ, రేపు మళ్లీ తేవాలనీ చెప్పి డాక్టరమ్మ మమ్మల్ని పంపించింది. ఆటో ఇంటి ముందు ఆగింది. అమ్మ ఎదురొచ్చింది. పెద్దబాపు మాత్రం దిగలేదు. పొద్దుటి నుంచి మూలుగుతూనే ఉన్న కూనకు అప్పుడే ఆయన ఒళ్లో కునుకు పట్టింది.

"జర బండి బందు చెయ్యి తమ్మీ, ఇప్పుడే పండుకున్నది" అన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. నేనూ దిగలేదు. పెద్దబాపు నీలం చెయ్యి ఒకటి దాని పొట్ట మీద ఆనించి, దాని ఊపిరికి ఆ చెయ్యి పైకీ కిందికీ కదులుతుంటే, దాన్నే చూస్తూ కూర్చున్నాడు.