అరిచిన పిల్లను కొట్టకు

వాన పడితే మా ఇంట్లో గొంగడి వాసన లేస్తుంది. ఉన్ని వాసన, అందులో ఎండుగడ్డి, కొంచెం పొయ్యి పొగ. ఈ ఉదయం తాండూరులో చినుకులు మొదలవగానే కిటికీ పక్కన మడిచిపెట్టిన గొంగడి తేమ పీల్చుకుంది. “ఎండ రాంగనే బయటేయుండ్రి” అని నా భార్య ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది. నేను దాని పక్కనే కూర్చుని, అలవాటు ప్రకారం, పోయినవన్నీ ఒకసారి లెక్క వేసుకున్నాను. నిద్ర: రోజుకు మూడున్నర గంటల చొప్పున పంతొమ్మిది రోజులు, మొత్తం అరవై ఆరున్నర గంటలు. బరువు: రెండు కిలోలు. సగం తిని వెనక్కి తెచ్చిన టిఫిన్ డబ్బాలు: పదకొండు. లెక్కల పరీక్షలో మార్కులు: పదిహేను. బడి కబడ్డీ జట్టులో చోటు: ఒకటి. నవ్వులు మాత్రం లెక్కకు దొరకలేదు. ఇవన్నీ నా బిడ్డ శ్రావ్య తొమ్మిదో తరగతిలో ఉండగా పోగొట్టుకున్నవి. ఇంతకంటే ఎక్కువ పోకుండా ఆపిన మనిషి మల్లవ్వ. ఈ గొంగడి ఆమెది.

మల్లవ్వ నా భార్య తల్లికి అక్క. నాకు అత్త వరస. ధారూర్ దగ్గరి ఒక పల్లెలో పుట్టి, అక్కడే గొర్రెలు కాస్తూ డెబ్బై దాటింది. చదువు రాదు, ఫోన్ ఎన్నడూ పట్టలేదు. నేను ఏడో తరగతితో బడి మానేసి తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో చేరినవాణ్ణి. బండ పొడవు వెడల్పులు చూసి చదరపు అడుగులు నోటితో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నా ఉద్యోగం. ఆ పని వల్లనో, పుట్టుకతోనో, కనబడినదాన్నల్లా లెక్కపెట్టకుండా ఉండలేను. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, సాయంత్రం మంద దొడ్డిలోకి వస్తుంటే వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ముప్పై తొమ్మిది దగ్గర నా వేలి మీద కర్రతో ఒక్కటి పడింది.

“ఏయ్ అల్లుడా! పానమున్నవాటిని గట్ల లెక్కవెడ్తరా? దిష్టి తాకదా?”

“మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తది అత్తమ్మా?”

“నీ ఇంట్ల బువ్వకు ఎవలు రాలేదో లెక్కవెట్టి తెలుసుకుంటవా? మొఖం జూస్తే ఎర్కైతది.”

ఆమె దొడ్డి సందులో నిలబడి ఒక్కొక్కదాన్ని లోపలికి వదిలింది. “బొల్లిది వచ్చె. సుక్కది వచ్చె. కుంటిది వచ్చె, ఏమే ఇయ్యాల గూడ ఆఖరికేనా?” అంటూనే ఉన్నట్టుండి ఆగింది. “చెవులదాని పిల్ల రాలే” అని వచ్చిన దారిన వెనక్కి నడిచి, ముళ్ళకంపలో ఇరుక్కున్న పిల్లను చంకన వేసుకొచ్చింది. అప్పటికి నేను ఎక్కడిదాకా లెక్కపెట్టానో మరచిపోయి ఉన్నాను. ఆ రోజు నుంచి ఆమె నోట నా పేరు ‘లెక్కల పటేలు’. నేను కూడా నవ్వి, అదొక పాతకాలపు పద్ధతి అనుకుని వదిలేశాను. దాని విలువ తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

శ్రావ్యకు ఫోన్ కొనిచ్చినప్పుడు నేను జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. జాగ్రత్త అంటే నాకు పట్టిక. తెల్లకాగితం మీద గీతలు కొట్టి అల్మారా తలుపుకు అతికించాను. పడుకునే వేళ దాటి ఫోన్ చూస్తే ఒక రోజు ఫోన్ బంద్. అబద్ధం చెబితే మూడు రోజులు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట్లాడితే పది. వాళ్ళకు ఫొటో పంపితే పదిహేను. తప్పు దాచిపెడితే, దాచిన ప్రతి రోజుకూ ఒకటి. యూనిట్‌లో పనివాళ్ళకు చూపిస్తే భేష్ అన్నారు. అన్నింటికంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. శ్రావ్య వాడే ఒక ఫొటోల యాప్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ తప్పకుండా ఫొటో పంపుకుంటే పక్కన ఒక అంకె పెరుగుతుందట. మేఘన అనే పేరు పక్కన నూట పద్దెనిమిది కనబడితే, “ఒక్క నాగా లేదా బిడ్డా! బడి హాజరు కన్న నయమున్నది” అని మురిసిపోయాను. మేఘన ఎవరని అడగలేదు. అంకె బాగుంది కదా అనుకున్నాను.

తర్వాత పిల్ల మెల్లమెల్లగా తగ్గిపోయింది. పిలిస్తే ఉలిక్కిపడేది. కళ్ళ కింద నలుపు. నా భార్య కళ్ళ డాక్టరుకు చూపిద్దామంది. నేను మార్కులు తగ్గినందుకు పట్టికలో కొత్త గీత ఒకటి చేర్చాను. ఒక ఆదివారం, గాలి మార్పు ఉంటుందని ముగ్గురం రైలెక్కి ధారూర్‌లో దిగి మల్లవ్వ దగ్గరికి వెళ్ళాం. గంటసేపు మందతో నడిచాక ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది:

“అల్లుడా, గీ పిల్ల మందలున్నది గని మేస్తలేదు.”

“పరీక్షల పరేషాన్ అత్తమ్మా.”

“పరీక్షల మొఖం వేరే ఉంటది. ఇది తోడేలును జూసిన మొఖం.”

ఆమె ఏమీ అడగలేదు. ముందురోజే పుట్టిన గొర్రెపిల్లను శ్రావ్య ఒడిలో పెట్టి, “జర పట్టుకో బిడ్డా, దీని తల్లికి నీళ్ళు వెడ్త” అంది. నీళ్ళు పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి శ్రావ్య ఏడ్వడం వినబడింది. నేను వెళ్ళేసరికి సగం చెప్పేసింది. మేఘన వికారాబాద్‌లో తొమ్మిదో తరగతి అని చెప్పిందట. ఎప్పుడు ఫోన్ చేద్దామన్నా జలుబు అనేదట. శ్రావ్య పంపిన మామూలు ఫొటోనే ఒకదాన్ని పాడుగా మార్చి, వేరే రకం ఫొటోలు పంపకపోతే దీన్ని మీ బడి గ్రూపులో పెడతానని పంతొమ్మిది రోజులుగా బెదిరిస్తోందట.

“నాలుగు నెల్ల సంది జలుబా?” అంది మల్లవ్వ. “గొర్రెకు గూడ గన్ని దినాలు ఉండదు బిడ్డా!” ఏడుస్తున్న పిల్ల ముక్కు తుడుచుకుంటూ ఫక్కున నవ్వింది. ఎన్నో రోజుల తర్వాత విన్న నవ్వు అది.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“నలభై ఏడు రోజులైతది డాడీ.”

“ఏంది నలభై ఏడు?”

“ఫోన్ బంద్. తెలియనోళ్ళకు పది, ఫొటోకు పదిహేను, అబద్ధానికి మూడు, దాచినందుకు పంతొమ్మిది. రోజూ ఒకటి పెరుగుతుంటే ఇంక చెప్పబుద్ధి కాలే.”

మనసులో కూడి చూశాను. లెక్క సరిగ్గా ఉంది. కూడికలు నేర్పింది నేనే. పిల్ల నోరు మూయించింది ఆ మేఘన ఒక్కతే కాదు, నేను కూడా అని అప్పుడు తెలిసింది. తెలిసినా చేయి మాత్రం అలవాటుగా ముందుకు చాచాను. “ఫోన్ ఇటియ్యి.” మల్లవ్వ నా మణికట్టు పట్టుకుంది.

“పిల్ల అరిస్తె తోడేలు దిక్కు ఉరకాలె గని, అరిసిన పిల్లను కొడ్తరా? ఒక్కసారి కొట్టినవనుకో, రేపు తోడేలు గొంతు వట్టినా అరవది. నీ లెక్క నీ రాళ్ళ కాడ వెట్టుకో.”

ఆమె కోపంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. మర్నాడు శ్రావ్యను తీసుకుని వికారాబాద్ పోలీసు స్టేషన్‌కు వెళ్ళాను. అక్కడి మహిళా అధికారి ముందుగా శ్రావ్యకు కుర్చీ వేసి, “చెప్పి మంచి పని చేసినవమ్మా, తప్పు నీది కాదు” అంది. ముందురోజే నేను చెప్పాల్సిన మాట అది. శ్రావ్య ఆ సందేశాలు ఒక్కటీ చెరపలేదు, తేదీలతో సహా ఉన్నాయి. వాళ్ళకు అవే పనికొచ్చాయి. మేఘన అమ్మాయి కాదనీ, ఇంకా కొందరు పిల్లలకు ఇవే మాటలు రాశాడనీ కొన్ని వారాలకు తేలింది. ఫొటో ఎక్కడా బయటికి రాలేదు. ఇంటికొచ్చి పట్టిక చింపేశాను. దాని బదులు శ్రావ్యే ఒక్క నియమం పెట్టింది: తొమ్మిదికల్లా ఇంట్లో అందరి ఫోన్లూ వంటింట్లో బియ్యం డబ్బా మీద పడుకోవాలి. రాళ్ళు కోసే యంత్రాల వీడియోలు చూస్తూ మొదటి రోజే దొరికిపోయింది నేనే.

తర్వాతి ఆదివారం మల్లవ్వ మా ఇంటికి వచ్చింది. శ్రావ్య ఫోన్‌లో, ఆ యాప్‌లో స్నేహితులుగా రెండు వందల పదహారు మంది ఉన్నారు. దొడ్డి సందులో నిలబడ్డట్టే ఆమె తలుపు దగ్గర కూర్చుని ఒక్కొక్కరినీ చూపించమంది. “గీమె ఎవలి బిడ్డ? గొంతు విన్నవా? ఎన్నడన్న నీతోని బువ్వ తిన్నదా?” లేదంటే, “తోలెయ్” అనేది. తీసేస్తున్నది మాత్రం శ్రావ్యే, ఎవరి బలవంతమూ లేదు. ఒక ఫొటో దగ్గర ఆమె ఆగింది.

“గీ పోరికి కుక్కచెవులేంది?”

“ఫిల్టర్ అవ్వా. మీ ఊరి స్వప్నక్క.”

“మన స్వప్ననా? జర అద్దం జూస్కొమ్మను!”

సాయంత్రానికి నలభై ముగ్గురు మిగిలారు. నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది. “పిల్లకు తన మంద ఎర్కైంది. నీ బిడ్డ మంద నీకెర్కనా?” తెలియదన్నాను. దొంగచాటుగా ఫోన్‌లో చూసి కాదు, వాళ్ళు ఇంటికొస్తే మొహాలు చూసి, మాట్లాడి తెలుసుకుంటానని మాటిచ్చాను. శ్రావ్య వెంటనే షరతు పెట్టింది: “ఒక్కొక్కళ్ళను మూడు ప్రశ్నలే డాడీ. మార్కులు అడగొద్దు.”

మల్లవ్వ కిందటి చలికాలంలో కన్నుమూసింది. శ్రావ్య ఇప్పుడు ఇంటర్‌లో ఉంది, నిండా నిద్రపోతుంది, ఏదైనా ఇబ్బంది వస్తే గట్టిగానే అరుస్తుంది. ఒక్కోసారి నా మీదే. స్నేహితులు ఒక్కొక్కరే ఇంటికొస్తున్నారు. ఒకమ్మాయి కూర్చున్నచోటే ఆరు జొన్నరొట్టెలు తింటుంది. ఇంకొకమ్మాయి తల వంచుకునే మాట్లాడుతుంది, మూడో ప్రశ్నకు మాత్రం కళ్ళెత్తి నవ్వుతుంది. బొంరాస్‌పేట నుంచి బస్సులో వచ్చిన పిల్ల నా మూడు ప్రశ్నలకు బదులు చెప్పి, నన్ను నాలుగు అడిగింది. మొహం చూస్తే పేరు, పేరు వింటే గొంతు గుర్తొచ్చేదాకా వాళ్ళను తెలిసినట్టుగా నేను ఒప్పుకోను. అలా చూస్తే ఆ నలభై ముగ్గురిలో ఇప్పటికి ముప్పై ఒక్కరు. మల్లవ్వకిచ్చిన మాటలో ఇంకా బాకీ ఉన్న మొహాలు పన్నెండు.