రబ్బరు సంచీ నేర్చుకున్న రోజులు

నెల్లూరులో నేను నర్సుగా చేరిన ఆసుపత్రికి మొదట్లో క్యాజువాల్టీ అంటూ విడిగా ఉండేది కాదు. పాము కరిచినవాళ్ళూ, లారీ గుద్దినవాళ్ళూ, జ్వరాలవాళ్ళూ అందరూ ఒకే వరండాలో చీటీ పట్టుకుని తమ వంతు కోసం కూర్చోవలసిందే. అరవైల మొదట్లో గేటు పక్కనే రెండు పెద్ద గదులు కట్టారు. ప్రారంభానికి ఇంకా నెల రోజులు ఉందనగా మా డాక్టరమ్మగారు మమ్మల్ని అక్కడికి పిలిచారు.

ఆవిడ పొట్టిగా ఉండేవారు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కానీ చెప్పిన పని అయ్యేదాకా ఎదురుగా నిలబడే ఉండేవారు, అదే మాకు భయం. ఆ రోజు నలుగురు నర్సులం, ముగ్గురు వార్డు మనుషులు, ఇద్దరు ఆయాలు వెళ్ళాం. మా వెనక గేటుకాపరి కూడా వచ్చాడు. తనని ఎందుకు పిలిచారో తెలియక గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా, ఇది నీకూ చెప్పాల్సిందే" అన్నారు డాక్టరమ్మగారు.

బల్ల మీద ఒక నల్లటి రబ్బరు సంచీ ఉంది. నొక్కితే గాలి పోతుంది, వదిలితే దానంతట అదే ఉబ్బుతుంది. మద్రాసు నుంచి తెప్పించారు. దాని మూతికి ఫుట్‌బాల్ బ్లాడరు ఒకటి కట్టి పెట్టారు.

"మనిషికి ఊపిరి ఆగినా గుండె కొద్దిసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆలోపల మనం ఊపిరి అందిస్తే బతికే అవకాశం ఉంది. ఎంతసేపు అందించాలో చెప్పలేం. గంట కావచ్చు, పది గంటలు కావచ్చు. నలుగురు నర్సులు పది గంటలు నొక్కలేరు. అందుకని ఈ ఆవరణలో పనిచేసే ప్రతి మనిషికీ ఇది రావాలి" అన్నారు.

ఈ బ్లాడరే రోగి ఊపిరితిత్తి అనుకోమన్నారు. మెత్తగా నొక్కాలి, నిండగానే వదలాలి, మళ్ళీ నొక్కాలి. నర్సులకు తనే నేర్పారు. మిగిలినవాళ్ళకు నేర్పే పని నాకు అప్పగించారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మా నాన్న ఇందుకూరుపేట దగ్గర బడిపంతులు. పాఠం చెప్పడం ఇంట్లో పుట్టిన విద్యే కదా అనుకుని ధీమాగా మొదలుపెట్టాను. ఆయాలు వారంలో నేర్చుకున్నారు. వార్డు మనుషులూ అంతే. చిక్కంతా గేటుకాపరితోనే వచ్చింది.

అతనిది మైపాడు వైపు పల్లెకారుల కుటుంబం. నలభై దాటిన మనిషి. సముద్రం మీద చాలా ఏళ్ళు వల లాగిన చేతులు. ఆ చేతులతో ఒక్కసారి పిడికిలి బిగిస్తే బ్లాడరు టప్పుమని పగిలిపోయేది. మొదటిది పగిలినప్పుడు అందరం నవ్వాం. రెండోది పగిలినప్పుడు అతను చేతులు వెనక్కి పెట్టుకుని, "నా వల్ల కాదు సిస్టరమ్మా, నన్ను గేటుకాడే ఉండనీ" అన్నాడు. నేను ఒకటీ రెండూ మూడూ అని లెక్క పెట్టేదాన్ని, మూడు అన్నప్పుడు నొక్కాలి. అతను రెండు దగ్గరే నొక్కేవాడు, లేదంటే నాలుగు దాకా మరిచిపోయేవాడు. నాకు విసుగొచ్చింది. గేటు దగ్గర ఉండే మనిషికి ఇదెందుకు, వీణ్ణి రోగి మీద చెయ్యి వేయనిచ్చేదెవరు అనుకుని, నా దగ్గరున్న పేర్ల కాగితంలో అతని పేరు ఎదుట కూడా వచ్చినట్టే గుర్తు పెట్టేశాను.

రెండు వారాల తరవాత డాక్టరమ్మగారు అందర్నీ వరసగా నిలబెట్టి, నా కాగితం తీసుకుని చూసి అడిగారు.

"అందరికీ వచ్చిందా సిస్టర్?"

"వచ్చింది డాక్టరమ్మా."

వెనకనుంచి గేటుకాపరి ముందుకు వచ్చాడు. "నాకు రాలేదమ్మా. సిస్టరమ్మ నా మీద జాలిపడి వచ్చిందని చెప్తా ఉండాది. నాకైతే రాలేదు. రేపు ఎవురన్నా వచ్చినాక తెలిస్తే పాపం గదా."

జాలి అని అతనన్నాడు గానీ నాలో అదేమీ లేదు, ఉన్నది బద్ధకం, చిన్నచూపు. ఆ సంగతి డాక్టరమ్మగారికి కూడా అర్థమైందనే ఇప్పటికీ అనుకుంటాను. ఆవిడ నన్ను తిట్టలేదు. కాగితం నా చేతికే తిరిగి ఇచ్చారు.

"ఇంకా రెండు వారాలు ఉన్నాయి. నేర్పించు. అతనికి రాకపోతే నీకు రానట్టే లెక్క."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ నేనూ అతనూ ఆ కొత్త గదిలో కూర్చునేవాళ్ళం. ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు లెక్క పెట్టడం మానేసి అతన్నే అడిగాను.

"వల లాగేటప్పుడు అందరూ ఒక్కసారే లాగాలి కదన్నా. ఎట్లా లెక్క పెట్టుకుంటారు?"

"లెక్క ఎవుడు పెడతాడమ్మా? పక్కనోడి ఊపిరి వినపడతానే ఉంటాది. దాన్ని బట్టి లాగతాం."

"అయితే ఇక్కడ నీ ఊపిరిని బట్టే నొక్కు. నువ్వు పీల్చినప్పుడు నొక్కు, విడిచినప్పుడు వదులు. పిడికిలి వద్దు, వేళ్ళు చాలు."

అతను కళ్ళు మూసుకుని నొక్కాడు. బ్లాడరు నిండింది, తగ్గింది, మళ్ళీ నిండింది. భోజనాల వేళ అయిపోయిందని గంట కొట్టేదాకా ఆపలేదు. నాకంటే నిలకడగా నొక్కాడు. ఆ మాట డాక్టరమ్మగారితో నేనే వెళ్ళి చెప్పాను.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు, పొద్దున పది గంటలప్పుడు ఒక ధాన్యం లారీ గేటు దగ్గర ఆగింది. మైపాడు దారిలో ఒక ఊళ్ళో కోత కోసి మోపు కడుతుంటే ఒకావిడకు నాగుపాము కరిచింది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త ఒడిలో పడుకోబెట్టుకుని తెచ్చాడు. మామూలుగా గేటు దగ్గర మొదట అడిగేది చీటీ. గేటుకాపరి ఆ మాట ఎత్తలేదు. ఆమెను రెండు చేతులమీద ఎత్తుకుని, "సిస్టరమ్మా!" అని కేక వేస్తూ కొత్త గదుల వైపు నడిచాడు.

గదికి తాళం వేసి ఉంది. ఆఫీసు గుమాస్తా తాళంచెవి పట్టుకుని వచ్చాడు గానీ వెంటనే తియ్యలేదు. "పెద్దలు వచ్చి తెరవాల్సిన గది డాక్టరమ్మా" అని నసిగాడు.

"వాళ్ళు వచ్చినప్పుడు మళ్ళీ తెరుస్తారు. ముందు తియ్యి" అన్నారావిడ.

బల్ల మీద పడుకోబెట్టేసరికి ఆమె రెప్పలు వాలిపోయి ఉన్నాయి. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికే ఎద కదలడం ఆగిపోయింది. డాక్టరమ్మగారు గొంతులోకి గొట్టం దించి రబ్బరు సంచీ తగిలించారు. నేను నొక్కడం మొదలుపెట్టాను.

అరగంటకు ఒకరం చొప్పున వంతులు వేసుకున్నాం. నర్సులం, వార్డు మనుషులు, ఆయాలు. చేతులు మారేటప్పుడు కూడా ఒక్క నొక్కు తప్పకూడదని దాదాపు నెల రోజులు సాధన చేశాం, తప్పలేదు. మందు ఇంకా ఎక్కుతూనే ఉంది. మధ్యాహ్నం రెండైంది. ఆమె వేలు కూడా కదలలేదు. రెప్ప ఎత్తి చూస్తే చూపు ఎటూ తిరగడం లేదు. నా మణికట్లు గుంజుతున్నాయి. నాలో ఉన్న పట్టుదల కాస్తా జారిపోయింది.

"ఇంక లాభం లేదు డాక్టరమ్మా. ఈమె పోయింది. మనం ఊరికే నొక్కతా ఉండాం" అన్నాను, రోగి తల పక్కనే నిలబడి.

"నాడి పట్టుకు చూడు."

చూశాను. కొట్టుకుంటోంది.

"అది ఉన్నంతసేపూ మనకు ఆపే హక్కు లేదు. అలిసిపోతే పక్కకు జరుగు."

నేను జరిగాను. నా చోటికి గేటుకాపరి వచ్చాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, కళ్ళు మూసుకుని, తన ఊపిరితో పాటు నొక్కడం మొదలుపెట్టాడు. దానితో పాటు ఆమెతో మాట్లాడటమూ మొదలుపెట్టాడు. "బయపడబాక అమ్మా. ఊపిరి సంగతి నేను చూసుకుంటా ఉండా. నువ్వు ఊరికే పడుకో. మీ ఆయన బయటే ఉండాడు. యాడికీ పోలేదు." అతని వంతు అయిపోయినా పక్కకు జరగలేదు. గంటకు పైగా నొక్కాడు. నాకైతే ఆ మాటలు పిచ్చిగా అనిపించాయి. స్పృహ లేని మనిషికి ఏం వినిపిస్తుందని?

నాలుగున్నర దాటాక మళ్ళీ నేను నొక్కుతున్నాను. ఆమె నుదురు ముడిపడింది. తరవాత కుడి చేతి వేలొకటి దుప్పటిని గీరింది. ఇంకాసేపటికి, నేను నొక్కకముందే నా చేతిలోని సంచీ కొద్దిగా లోపలికి లాగినట్టయింది. ఆమె తనంతట తను పీల్చింది! "డాక్టరమ్మా" అని మాత్రం అనగలిగాను. దీపాలు పెట్టే వేళకు ఆమె ఊపిరి ఆమే తీసుకుంటోంది. వరండాలో భర్త మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

గొట్టం తీసిన రెండు రోజులకు ఆమెకు గొంతు వచ్చింది. గంజి తాగించడానికి పక్కన కూర్చున్నాను.

"నాకు అన్నీ వినపడినాయమ్మా" అంది.

చెంచా గిన్నెలో పెట్టేశాను. "ఏమి వినపడినాయి?"

"కళ్ళు రావు, చెయ్యి రాదు, నోరు రాదు. చెవులు మాత్రం ఉండినాయి. నువ్వే గదా, ఈమె పోయింది అనింది?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవునమ్మా, నేనే."

"లేదమ్మే, ఉండానని అరవాలని ఎంత గింజుకున్నానో. నా బిడ్డల్ని తలుచుకోని ఏడస్తా ఉంటే నీళ్ళు కూడా రాలా. ఇంతలో ఆ అన్న వచ్చి, నేను చూసుకుంటా ఉండా అన్నాడు. ఆ మాట పట్టుకోని ఉండిపోయినా." గిన్నె వైపు చూసి, "గంజి పొయ్యమ్మా, చల్లారతాది" అంది.

ఆ సంగతి డాక్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టారు. "వింటూనే ఉంటారని పుస్తకంలో చదివాను. అయినా మీకు చెప్పాలని తట్టలేదు. మిగతావాళ్ళకు నువ్వు చెప్పు. నువ్వన్న మాటతో సహా చెప్పు" అన్నారు.

ప్రారంభం ముందురోజు అందర్నీ అదే గదిలో కూర్చోబెట్టి చెప్పాను. గేటుకాపరి తల వంచుకుని విన్నాడు. చెప్పడం కష్టంగానే ఉంది గానీ ఒక్క మాట కూడా దాచుకోలేదు.

ఆ తరవాత క్యాజువాల్టీలో కొత్తగా చేరిన వాళ్ళకు నేర్పే పని ఏళ్ళ తరబడి నాదే అయింది. రబ్బరు సంచీ చేతికిచ్చే ముందు ప్రతి ఒక్కరినీ ఆ బల్ల మీద పావుగంట కదలకుండా, కళ్ళు తెరవకుండా పడుకోమనేదాన్ని. చుట్టూ మిగతావాళ్ళు నిలబడి, రోగి దగ్గర మామూలుగా ఏం మాట్లాడతారో అవే మాట్లాడాలి. ఈ పద్ధతి మొదలుపెట్టిన రోజు అందరికంటే ముందు బల్ల ఎక్కి పడుకున్నది నేనే.