కుడిచెయ్యి చూపిన చోటు

1939వ సంవత్సరం, మార్చి నెల. బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక ఫర్నిచర్ వర్క్‌షాపులో ఆరేళ్ళు పనిచేసి వచ్చి, నేను పావగడలో సొంతంగా కొట్టు పెట్టుకుని అప్పటికి నాలుగేళ్ళయింది. నాగళ్ళు, బండిచక్రాలు చేసే వడ్రంగులు తాలూకాలో చాలామంది ఉండేవారు. దొరల ఇళ్ళనుంచి వచ్చిన పాత బల్లలు, బీరువాలు బాగుచేసేవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే.

ఒక శుక్రవారం పొద్దున మంగళవాడ నుంచి చిక్కన్న అనే గొర్రెల కాపరి బండి కట్టుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి. కొట్టులోకి రాకుండా గడప బయటే నిలబడ్డాడు.

"ఆచారీ, సామాన్లు తీసుకొని మా ఊరికి రాప్పా. శేకదారు సామి మేజా ఒకటుండాది. దాంట్లో మా కాయిదం ఉండాది, దొరకల్యా. సోమారం అమల్దారు ముందర పెట్టకపోతే మా గొర్రెలకి మేత బీడుండదు."

దారిలో సంగతంతా చెప్పాడు. వాళ్ళ ఊరి గోమాళాన్ని, అంటే పశువులు మేసే ఉమ్మడి బీడును, సాగుకు ఇమ్మని ఒక పెద్ద రైతు అర్జీ పెట్టుకున్నాడు. అది కాపరులకే ఉండాలని చాలా ఏళ్ళ కిందట సర్కారు ఆర్డరు ఇచ్చింది. ఆ ఆర్డరు నకలును చిక్కన్న వాళ్ళు శేకదారు గారికి దాచమని ఇచ్చారు. శేకదారు అంటే నాలుగైదు గ్రామాల భూమి లెక్కలు చూసే ఉద్యోగి. ఈయన రిటైరై మంగళవాడలోనే స్థిరపడ్డాడు. రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా రెండూ పడిపోయాయి. కచేరీలోని అసలు దస్త్రం తుమకూరు నుంచి రావాలంటే నెలలు పడుతుంది. తాలూకా అధికారి అయిన అమల్దారు ముందు విచారణ సోమవారమే.

శేకదారు గారి నడవలో ఆ మేజాను చూడగానే నా చేతిలోని సంచి కింద పెట్టేశాను. అది సెక్రటరీ డెస్క్. అడుగున మూడు పెద్ద సొరుగులు, పైన అద్దాల తలుపుల పుస్తకాల బీరువా, మధ్యలో ఏటవాలు పలక. ఆ పలకను ముందుకు వాల్చితే అదే రాత బల్ల అవుతుంది. దాన్ని ఫాల్ ఫ్రంట్ అంటారు. పలక వెనక కాగితాలు దోపుకునే చిన్న చిన్న గూళ్ళు. వాటిని పిజన్ హోల్స్ అంటారు. వాటి నడుమ అరచేతి వెడల్పున ఒక బుల్లి తలుపు, దానికి రెండువైపులా స్తంభాలు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన మహాగని కర్ర. ఊరు విడిచిపోతున్న ఒక దొర దగ్గర కొని, హిందూపురం స్టేషను నుంచి బండిమీద తెప్పించారట. వందేళ్ళు దాటినా ఒక్క అతుకు కూడా వదల్లేదు.

"ముప్పై ఏండ్లు నేనే తుడిచినాను ఆచారీ," అంది శేకదారు గారి భార్య అలమేలమ్మ. "సొరుగులన్నీ దిమ్మరించి చూసినాం. ఆయన్ని అడిగితే మంచం మీద నుంచి దీని దిక్కే ఎడం చెయ్యి చూపిస్తాడు, ఏడుస్తాడు. దొంగ అర ఉండాదేమో, నాకైతే తెల్దు."

"నువ్వు చూసినావా చిక్కన్నా, ఆయన యాడ పెట్టినాడో?" అని అడిగాను.

"నేను గడప కాడ నిలబడింటి. ఆయన ఈపు మా దిక్కుండె. 'పెట్టినాలే పో' అనె."

అలాంటి స్తంభాలను దండులో ఒకసారి చూశాను. ఇక్కడా గోరుతో పట్టి లాగితే రెండూ ముందుకు జారివచ్చాయి. అవి నిజానికి నిలువుగా నిలబెట్టిన సన్నటి పెట్టెలు. చిక్కన్న ఊపిరి బిగబట్టాడు. రెండూ ఖాళీ.

తర్వాత కొలతలు తీశాను. గూళ్ళ లోతుకన్నా బుల్లి తలుపు వెనక లోతు జానెడు తక్కువగా ఉంది. ఆ జానెడు జాగా ఎక్కడికి పోయింది? తట్టి చూస్తే బోలుగా మోగింది. దారి మాత్రం కనబడలేదు. సాయంత్రం దాకా నొక్కాను, లాగాను, దీపం పెట్టి వెతికాను. చీలికలోకి వెంట్రుక కూడా దూరని పనితనం.

శనివారం మధ్యాహ్నానికి అలమేలమ్మ గొడ్డలి తెచ్చి నా ముందర పెట్టింది.

"పగలగొట్టు ఆచారీ. కొయ్య కోసం మనుషుల నోట్లో మట్టి కొట్టలేను."

నేను గొడ్డలి ముట్టుకోకముందే చిక్కన్న దాన్ని తీసి వెనక దాచుకున్నాడు.

"వద్దమ్మా. ఆ సామి పానం దీంట్లోనే ఉండాది. ఆయన చూస్తాండగా పగలగొడితే మాకు కాయిదం దొరికినా నోట్లోకి ముద్ద దిగదు."

బీడు పోయేది అతనిది. గొడ్డలి వద్దన్నదీ అతనే. నాకు అప్పుడు తట్టింది: మేజానే ఇంతసేపూ అడుగుతున్నాను, దాన్ని వాడిన మనిషిని దాని దగ్గరికి తేలేదు.

"అమ్మా, సామిని ఈడికి తీసుకొద్దామా?"

కదిలించొద్దని డాక్టరు చెప్పాడట. ఆవిడ మంచం దగ్గరికి పోయి, వంగి భర్త చెవిలో ఏదో అడిగింది. ఆయన గట్టిగా కళ్ళు మూసి తెరిచాడు. చిక్కన్న, నేనూ ఆయన్ని కుర్చీతో సహా మోసుకొచ్చి డెస్క్ ముందు దించాం.

ఆయన ఎడమచేతిని బుల్లి తలుపులోకి పెట్టాడు. వేళ్ళు తడుముకున్నాయి. దొరకలేదు. చెమట పట్టింది. మళ్ళీ తడిమాడు. ఆ చేతికి ఆ దారి తెలియదు. ఇన్నేళ్ళూ తెరిచింది కుడిచెయ్యి.

అప్పుడాయన చేసినది నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఒళ్ళో చచ్చుబడి ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తాడు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా ఆ గూట్లోకి పెట్టాడు. మణికట్టును కొంచెం తిప్పాడు. ప్రాణంలేని బొటనవేలు పైకప్పుకు, ఎడమ మూలకు ఆనింది. నా వైపు చూశాడు.

ఆ వేలు పక్కనే నా వేలు పెట్టి పైకి నొక్కాను. ఈనెపుల్లంత సన్నటి చెక్క లోపలికి ఒదిగింది. టక్కుమని చిన్న చప్పుడు. ఆ గూడు మొత్తం నా చేతిలోకి జారివచ్చింది. దాన్ని పట్టి ఉంచింది ఇనుము కాదు, కర్రతోనే చేసిన స్ప్రింగు. వందేళ్ళుగా వంగుతూ లేస్తూ అలసిపోని చెక్కముక్క. పేరు తెలియని ఆ వడ్రంగికి నేను నిలబడి దండం పెట్టాను.

వెనక మూడు చిన్న సొరుగులున్నాయి. ఒక్క కాగితం ఉంటుందనుకున్నాం. నలభైకి పైగా ఉన్నాయి, ఒక్కోటీ గుడ్డలో చుట్టి దారం కట్టి. మంగళవాడ, వల్లూరు, తిరుమణి వాళ్ళవి. ప్రతి గుడ్డమీదా సిరాతో ఒక పేరు, పేరు కింద ఒక బొమ్మ: కొడవలి, మోటబావి, చింతకాయ. చదువురాని మనిషి కూడా తనదేదో తానే గుర్తుపట్టాలని.

చిక్కన్న వంగి ఒక్కొక్కటే చూస్తూ ఒకచోట ఆగాడు. చెవికి గంటు పెట్టిన గొర్రె బొమ్మ.

"ఇది మా మంద గురుతు," అన్నాడు. అని శేకదారు గారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆయన ఎడమచెయ్యి చిక్కన్న తలమీద ఆనింది.

సోమవారం అమల్దారు నకలు చదివి, అర్జీ కొట్టేశాడు. బీడు కాపరులకే మిగిలింది.

తర్వాత అలమేలమ్మ ఊరూరికీ కబురు పంపి ఎవరి కాగితాలు వాళ్ళను తీసుకుపొమ్మంది. వల్లూరు నుంచి వచ్చిన ఒక ముసలామె తన మూటను విప్పి చూసుకుని, మళ్ళీ కట్టి ఆవిడకే ఇచ్చింది. "ఈడే ఉండనీమ్మా, నీ కాడ," అంది. చాలామంది అదే చేశారు. అలమేలమ్మ నన్ను పిలిపించి ఆ చెక్క ఎక్కడ నొక్కాలో నేర్చుకుంది. మొదటిసారే తెరిచింది. పక్కన కూర్చున్న శేకదారు గారు సగం మొహంతో నవ్వారు.

ఆ తర్వాత ఎన్నో పాత సామాన్లు నా చేతిమీదుగా వెళ్ళాయి. ఉలి తీయకముందు, దాన్ని వాడిన మనిషిని పక్కన కూర్చోమని అడగడం నాకు అలవాటైంది. కర్రను అరగదీసిన చెయ్యి ఎవరిదో తెలిశాకే పని మొదలుపెడతాను.