మందు రాయని నాలుగు వారాలు

బట్టలు కుట్టే ఆవిడను వీధిలో అందరూ టైలరమ్మ అనే పిలిచేవారు. ఎదుటివాళ్ల నడుం చుట్టూ టేపు తిప్పడమే తప్ప, తన ఒంటి మీద ఒకరి చూపు పడనిచ్చే మనిషి కాదు. అలాంటి మనిషికి నడుం కింద, తొడల మీద ఎర్రటి పొలుసుల మచ్చలు లేచాయి. ఆరేళ్లు! ఎగ్జిమా అన్నాడు ఒక డాక్టరు, సోరియాసిస్ అన్నాడు ఇంకొకడు. ట్యూబు రాస్తే అణిగేవి, మానేస్తే మళ్లీ లేచేవి.

ఒకసారి చర్మం ముక్క తీసి పరీక్షకు పంపారు కూడా. భయపడాల్సిందేమీ లేదని వచ్చింది. తేలేదెలా మరి? ఆస్పత్రికి వెళ్లాలంటే వారం ముందు నుంచే పూటపూటా మందు పట్టించి, ఒళ్లు నున్నగా చేసుకుంటేగానీ గడప దాటేది కాదు. మాసిన బట్టతో నలుగురిలోకి వెళ్తామా అన్నది ఆవిడ వాదన.

ఈ సంగతిని కొత్త డాక్టరమ్మ ముందు కోడలు బయటపెట్టేసింది.

"రాసుకోకుండా ఎప్పుడొచ్చారు అత్తయ్యా? చెప్పండి."

"నోర్ముయ్యవే. తోడు రమ్మన్నాను, సాక్ష్యం చెప్పమనలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. "నాలుగు వారాలు ఏ మందూ రాయకండి. ఎంత అసహ్యంగా ఉన్నా అలాగే రండి. ఇది మామూలు చర్మరోగం కాకపోవచ్చు. మీరు మందు పూసి దాచేస్తుంటే నాకు దొరకదు."

ఆ నాలుగు వారాలూ నరకమే. మచ్చలు వీపు దాకా పాకాయి. మిషను తొక్కుతుంటే బట్ట ఒరుసుకుని మంట. దురద ఆగక స్కేలుతో గోక్కునేది. మూడో వారంలో బీరువాలో చెయ్యి పెడితే ట్యూబు లేదు.

"ఏదే?"

"నా బ్యాగులో ఉంది. నన్ను కొట్టి తీసుకోండి."

కొట్టలేదు. రెండు రోజులు మాట్లాడలేదు, అంతే.

ఈసారి మూడు చోట్ల ముక్కలు తీశారు. పది రోజులకు సంగతి తెలిసింది. తెల్లకణాలు చెడి చర్మంలో చేరే క్యాన్సరట. అరుదైనది, నెమ్మదిగా నడిచేది. పూర్తిగా పోతుందని మాటివ్వలేనన్నది డాక్టరమ్మ. వారానికి మూడుసార్లు ప్రత్యేకమైన లైట్ల ముందు నిలబెడితే అదుపులో ఉండవచ్చునట.

"నేను మందు రాసుకోకుండా వచ్చి ఉంటే ముందే తెలిసేదా?" అని అడిగింది టైలరమ్మ.

డాక్టరమ్మ కాగితాలు సర్దుతూ, "అప్పుడైనా కష్టమేనమ్మా. మొదట్లో ఇది అచ్చం ఎగ్జిమాలాగే ఉంటుంది" అన్నది.

అందులో నిజమెంతో, జాలి ఎంతో ఆవిడకు తేలలేదు. జాలి గిట్టని మనిషాయె.

ఇంటికొచ్చాక తలుపు గడియ వేసి, కోడలి వైపు వీపు తిప్పింది.

"వెనక నాకు కనపడి చావదు. ఎక్కడెక్కడున్నాయో చూసి చెప్పు. తగ్గించి చెప్పావో, ఊరుకోను."

కోడలు లైటు వేసింది. మిషను మీది టేపు తీసి, పైనుంచి ఒక్కో మచ్చనూ కొలిచి చెప్పడం మొదలుపెట్టింది.