సుద్దముక్క

మగ్గాల పనికి ఊరొదిలి వచ్చి బమ్రోలిలో ఒకే గదిలో ఉండే మా ఐదుగురికీ కాకా పెద్ద. ఆయనా నేనూ ఒకే మగ్గం మీద చెరో షిఫ్టు చేసేవాళ్లం. పోగు తెగి బట్ట చెడితే ఎవరైనా ఆ చోటు కనపడకుండా చుట్టేసి, నింద పక్క షిఫ్టు మీదికి నెడతారు. ఆయన మాత్రం చెవి మీద పెట్టుకున్న సుద్దముక్క తీసి అక్కడ గీత గీసేవాడు. "ఇది నాది" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఒడియా కార్మికుడొకడు మా గదిలో చోటడిగాడు. "మన భాష గాదు, మన తిండి గాదు, వద్దు" అన్నది ఆయనే. మేమంతా తలలూపాం.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చున్న కాకా ముద్ద ముట్టకుండా లేచాడు. గోడ మీద సుద్దతో ఒక గీత గీశాడు.

"పొద్దుగాల నేను తప్పు మాట్లాడిన. మనం కొత్తగొచ్చినప్పుడు మనకు గూడ గిట్లనే రూము లేదన్నరు. వాణ్ని నేనే పోయి తోల్కొస్త."

"అందరం అన్న మాటనే గద కాకా!" అన్నాను.

"నా గీత నేను గీసుకున్న. మీది మీరు జూస్కోండ్రి."

సుద్దముక్క నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వాణ్ని వెంటబెట్టుకొచ్చేసరికి గోడ మీద రెండో గీత ఉంది. అది నాది.